యూకేలో ఇంటర్నేషనల్ బిజినెస్ స్ట్రాటజీ ఎమ్మెస్సీ: వెళ్లాలా, ఇక్కడే ఎంబీఏ చేయాలా?

పరకాల_పిల్ల:

అందరికీ నమస్తే. హన్మకొండలో బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నా, ఊరు పరకాల దగ్గర. యూకేలో ఒక యూనివర్సిటీ నుంచి ఇంటర్నేషనల్ బిజినెస్ స్ట్రాటజీ ఎమ్మెస్సీకి ఆఫర్ వచ్చింది. ఏడాది కోర్సు, ఫీజు మన డబ్బుల్లో దాదాపు ఇరవై లక్షలు, ఉండటం, తినడం దానికి వేరే. బాపు మిర్చి, పత్తి వేస్తాడు. లోన్‌కి భూమి పెడదామంటే సాగు భూమి తాకట్టు నడవదని బ్యాంకులో చెప్పారు. కన్సల్టెన్సీ వాళ్లేమో తాకట్టు లేకుండా ప్రైవేటు ఫైనాన్స్ ఇప్పిస్తాం, డిపాజిట్ మాత్రం ఈ నెలాఖరుకల్లా కట్టేయండి అని రోజూ ఫోన్లు. ఇంట్లో అదో టెన్షన్.

నా డౌట్ డబ్బు ఒక్కటే కాదు. ఈ సబ్జెక్టులో అసలు ఏం చెప్తారో నాకు సరిగా అర్థం కాలేదు. మాడ్యూల్స్ చూస్తే గ్లోబల్ స్ట్రాటజీ, మార్కెట్ ఎంట్రీ, క్రాస్ కల్చరల్ మేనేజ్‌మెంట్ అని ఉన్నాయి, బీకాంలో మేం చదివిన ఫారిన్ ట్రేడ్‌కీ దీనికీ తేడా ఏంటి? చదివాక ఏం ఉద్యోగం అని అడిగితే కన్సల్టెన్సీ మేడమ్ మల్టీనేషనల్స్‌లో మేనేజర్ అంటోంది. ఏ అనుభవం లేని పిల్లకి మేనేజర్ పోస్టు ఎవరిస్తారండీ? మా సీనియర్లు విదేశీ వాణిజ్యం చెప్పే ఐఐఎఫ్‌టీ కాకినాడ అంటున్నారు, ఇంట్లో వాళ్లు ఐసెట్ రాసి కాకతీయ యూనివర్సిటీలో ఎంబీఏ చెయ్యమంటున్నారు. ఈ సబ్జెక్టు చదివినవాళ్లు, చెప్పినవాళ్లు, ఈ లైన్‌లో పనిచేసేవాళ్లు ఉంటే చెప్పండి. ఊరికే వెళ్లు, వెళ్లకు అని మాత్రం వద్దు ప్లీజ్.

కాజీపేట_జంక్షన్:

చెల్లీ, నేను ఇలాంటి కోర్సే యూకేలో చేసి వచ్చాను కాబట్టి అక్కడ ఎలా ఉంటుందో చెప్తా.

ఏడాది అంటారు గానీ క్లాసులు సెప్టెంబర్ చివర్లో మొదలై వసంతానికల్లా అయిపోతాయి, మధ్యలో క్రిస్మస్, ఈస్టర్ సెలవులు, ఆ తర్వాత ఎండాకాలమంతా డిసర్టేషన్ (పెద్ద పరిశోధన వ్యాసం). వారంలో క్లాసుండే గంటలు తక్కువ, మిగతాదంతా నువ్వే చదువుకోవాలి. పరీక్షల కన్నా అసైన్‌మెంట్లు ఎక్కువ. ఒక కంపెనీని ఇచ్చి, ఇది ఫలానా దేశానికి పోవాలా వద్దా, పోతే ఏ దారిలో పోవాలి, నీ వాదనకు ఆధారం ఏంటి అని అడుగుతారు. మన దగ్గర రాసినట్టు నిర్వచనం, లక్షణాలు, ప్రయోజనాలు, ముగింపు అని రాస్తే పాస్ మార్కు దగ్గరే ఆగిపోతావు. అక్కడ పీజీకి పాస్ 50, 70 దాటితే డిస్టింక్షన్, 65 వస్తే పండగ చేసుకుంటారు. ఈ రాత అలవాటు కావడానికే మొదటి సెమిస్టర్ అయిపోతుంది, అప్పటికే పార్ట్‌టైమ్ షిఫ్టులు కూడా మొదలుపెట్టి ఉంటారు మనవాళ్లు (చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే చెయ్యొచ్చు, ఎవరో ఏదో చెప్పారని అంతకు మించి చెయ్యకు, వీసాకే ఎసరు).

ఉద్యోగం సంగతి. నువ్వు పట్టుకున్న పాయింటే కరెక్ట్. స్ట్రాటజీ అనే మాట ఉన్న పోస్టులు ఫ్రెషర్లకు ఇచ్చేది ముఖ్యంగా కన్సల్టింగ్ కంపెనీలు (పెద్ద సంస్థలకు సలహాలిచ్చేవి), వాళ్లు వెతికేది పేరున్న కొన్ని యూనివర్సిటీల్లోనే. మిగతావాళ్లకు దొరికేవి ఎగుమతుల సేల్స్ సపోర్ట్, సప్లై చెయిన్, మార్కెట్ రీసెర్చ్, కస్టమ్స్ పేపర్ వర్క్. అవి చెడ్డవేం కాదు. కానీ అక్కడే ఉండిపోవాలంటే కంపెనీ స్కిల్డ్ వర్కర్ వీసాకి స్పాన్సర్ చెయ్యాలి, దానికి 2025 జూలై నుంచి జీతం కనీసం 41,700 పౌండ్లు ఉండాలి, కొత్తగా కెరీర్ మొదలుపెట్టేవాళ్లకు 33,400. కోర్సు అయ్యాక వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇన్నాళ్లూ రెండేళ్లు ఉండేది, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు 18 నెలలే. ఈ లెక్క కన్సల్టెన్సీ మేడమ్ చెప్పిందా నీకు? ఫీజు కాకుండా వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు ముందే కట్టాలి, అది కూడా ఖర్చులో రాసుకో.

నాకు కోర్సు నచ్చింది, అది వేరే మాట. ఇరవై దేశాల వాళ్లు ఒక టేబుల్ దగ్గర కూర్చుని ఒకే కేసు మీద కొట్లాడటం ఇక్కడ దొరకదు. అయితే ఆ ముచ్చటకి ఇంత అప్పా అంటే, ఇంట్లో పరిస్థితి చూసుకునే చెప్పాలి.

కామర్స్_మాస్టారు:

అమ్మా, ఉద్యోగం, వీసా పైన చెప్పారు కాబట్టి నేను సబ్జెక్టు గురించి రాస్తాను. ఎంబీఏ పిల్లలకు ఇది చెప్తుంటాను, పోస్టు కాస్త పొడుగవుతుంది.

బీకాంలో మీరు చదివిన ఫారిన్ ట్రేడ్ దేశం వైపు నుంచి చూస్తుంది: ఎగుమతులు, దిగుమతులు, సుంకాలు, బ్యాలెన్స్ ఆఫ్ పేమెంట్స్. ఇది కంపెనీ వైపు నుంచి చూస్తుంది. సొంత గడ్డ మీద బాగా నడుస్తున్న వ్యాపారం పరాయి దేశం ఎందుకు పోవాలి, ఏ దేశానికి పోవాలి, సరుకు అమ్మి ఊరుకోవాలా, లైసెన్సు ఇవ్వాలా, అక్కడివాళ్లతో పొత్తు పెట్టుకోవాలా, సొంతంగా ఫ్యాక్టరీ పెట్టాలా, పోయాక దేన్ని మార్చాలి, దేన్ని మార్చకూడదు. సబ్జెక్టంతా వీటి చుట్టే తిరుగుతుంది.

దీనికి ఉదాహరణ కోసం యూకే దాకా పోనక్కర్లేదు. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది, 2017లో శంకుస్థాపన అయింది. అక్కడికి దక్షిణ కొరియా కంపెనీ యంగ్‌వన్ వచ్చింది. ఈ కంపెనీ 1980 నుంచి బంగ్లాదేశ్‌లో పాతుకుపోయింది, వియత్నాంలో కూడా పెద్ద ఫ్యాక్టరీలున్నాయి. మరి వరంగల్ ఎందుకొచ్చినట్టు? పరీక్షలో ఈ ప్రశ్న ఇస్తే నూటికి తొంభై మంది "ఇక్కడ పత్తి బాగా పండుతుంది కాబట్టి" అని రాస్తారు. వరంగల్ పత్తి అనగానే అందరికీ వచ్చే ఆలోచన అది. కానీ యంగ్‌వన్ పేరు తెచ్చుకుంది చలికోట్లు, ట్రెకింగ్ బట్టలు కుట్టి. పెద్ద పెద్ద అంతర్జాతీయ బ్రాండ్లకు కుట్టిస్తుంది. ఆ బట్టల్లో ఎక్కువగా ఉండేది పాలిస్టర్, నైలాన్. అంటే పత్తి చేను పక్కనే ఉండటం వాళ్లకు అంత పెద్ద కారణం కాకపోవచ్చు. భూమి, మనుషులు, ప్రభుత్వ రాయితీలు, ఒకే దేశం మీద ఆధారపడకుండా ఉత్పత్తిని పంచుకోవడం, ఇటువైపు వెతకాలి. అలా వెతకడానికి ఒక పద్ధతి ఇచ్చినవాడు జాన్ డన్నింగ్, 1970ల్లో. మూడే ప్రశ్నలు: ఇతరులకు లేనిది ఆ కంపెనీ దగ్గర ఏముంది, ఆ చోటులో ఏముంది, వేరేవాళ్లకు కాంట్రాక్టు ఇవ్వకుండా సొంతంగానే ఎందుకు చేయాలి. మూడోదే కష్టం. తిరుప్పూర్‌లో కుట్టేవాళ్లు బోలెడు మంది ఉండగా సొంత ఫ్యాక్టరీ ఎందుకు అని అడిగితే క్లాసు మొత్తం నిశ్శబ్దం.

మన తెలుగువాళ్ల కంపెనీల కథలే రెండు చెప్తాను, ఏ విదేశీ కేసుకూ తీసిపోవు.

విమానాశ్రయాలు కట్టి నడిపే జీఎంఆర్ 2010లో మలేషియా ఎయిర్‌పోర్ట్స్‌తో కలిసి మాల్దీవుల్లో మాలే విమానాశ్రయం కాంట్రాక్టు గెలిచింది. 2012లో అక్కడ ప్రభుత్వం మారింది, ఆ ఏడాది చివర్లో కాంట్రాక్టు రద్దు. మధ్యవర్తిత్వంలో జీఎంఆర్ గెలిచింది, 2016లో దాదాపు 27 కోట్ల డాలర్లు పరిహారం వచ్చింది. మ్యాపులో చూస్తే మాల్దీవులు మనకు పక్కిల్లు. పంకజ్ ఘెమావత్ అనే ప్రొఫెసర్ 2001లో చెప్పింది ఇదే, దూరం అంటే కిలోమీటర్లు ఒక్కటే కాదు, సంస్కృతిలో దూరం, ప్రభుత్వాలు, చట్టాల్లో దూరం, ఆదాయాల్లో దూరం కూడా కొలవాలి అని. కేజ్ ఫ్రేమ్‌వర్క్ అంటారు, మీ మొదటి సెమిస్టర్లోనే వస్తుంది.

రెండోది డాక్టర్ రెడ్డీస్. 2006లో జర్మనీలో బీటాఫార్మ్ అనే జనరిక్ మందుల (పేటెంటు గడువు తీరిన మందుల) కంపెనీని 48 కోట్ల యూరోలకు కొన్నది. అప్పటికి అక్కడ జనరిక్ మందుకు కూడా బ్రాండు విలువ ఉండేది, డాక్టర్ల దగ్గరికి తిరిగే సేల్స్ బృందానికి విలువ ఉండేది. తర్వాత ఆరోగ్య చట్టాలు మారి ఇన్సూరెన్స్ ఫండ్లు టెండర్లు పిలవడం మొదలుపెట్టాయి, తక్కువ ధర వేసినవాడిదే సరఫరా. మందులో మార్పు లేదు, నిర్ణయించేవాడు మారాడు. కొన్న విలువలో పెద్ద మొత్తాన్ని లెక్కల్లో తగ్గించి రాసుకోవాల్సి వచ్చింది. మీరు బీకాం కదా, ఆ సంవత్సరాల వార్షిక నివేదికల్లో ఇంపెయిర్‌మెంట్ అనే మాట వెతకండి, అకౌంట్స్ సబ్జెక్టూ ఈ సబ్జెక్టూ ఎక్కడ కలుస్తాయో కనిపిస్తుంది. వార్షిక నివేదికలు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

క్రాస్ కల్చరల్ మాడ్యూల్ గురించి పెద్దగా చెప్పను. జపాన్‌లో విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలి వంటివే ఎక్కువ ఉంటాయి, చాలాచోట్ల అది మార్కుల కోసం పెట్టిన మాడ్యూల్ అని నా అభిప్రాయం.

యార్డు_మనిషి:

మాస్టారు చెప్పింది బాగుంది, కానీ జీఎంఆర్‌లు, రెడ్డీస్‌లు మన పిల్లలకు ఎంత దగ్గర సార్? నేను మిర్చి ఎగుమతి చేసేవాళ్ల దగ్గర పనిచేస్తా, వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులోనే ఉంటా. చెల్లె, మీ బాపు మిర్చి తెచ్చేది ఇక్కడికే అయ్యుంటది, సీజన్‌లో ఒకసారి ఆయనతో పొద్దున్నే రా. జెండా పాట (ఆ రోజు పై రేటు పలికే వేలం) అయ్యాక ఖరీదుదారు ఒక్కో రైతు కుప్ప దగ్గరికొచ్చి టిక్కీలో (మిర్చి బస్తాలో) మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున ఉన్న కాయ తీస్తాడు, పైది చూడడు. విరిచి చూస్తాడు, గింజ రాలుతుందా, రంగు లోపల దాకా ఉందా, తాలు (రంగు పోయిన కాయ) ఎంత కలిసింది, పట్టుకుంటే మెత్తగా ఉందా. మెత్తగా ఉంటే తేమ ఉన్నట్టు, జెండా పాట ఎంత పలికినా సరే ఆ కుప్పకి రేటు అక్కడే కోస్తాడు. రైతు మోసం అంటాడు, కొన్నిసార్లు మోసమే. కానీ తేమకి వెనకాల ఇంకో కథ ఉంది. కల్లంలో మంచుకో, వానకో తడిసిన కాయకి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తది, యూరప్ వాళ్లు మిర్చిలో బీ1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం కలిపి 10 దాటితే లోపలికి రానియ్యరు. పోర్టులో పట్టుకుంటే కంటైనర్ వెనక్కి. పరకాల కల్లంలో టార్పాలిన్ కప్పలేదని అక్కడెక్కడో సరుకు ఆగుతది, ఈ లింకు తెలిసిన మనుషులు మాకు కావాలి, దొరకరు.

ఇంకోటి. తేజా మిర్చిని చైనా బాగా కొంటది. వాళ్లు ఒక సీజన్ చల్లబడితే ఇక్కడ కోల్డ్ స్టోరేజీలన్నీ నిండిపోయి ఉంటయి, ఏ దేశానికి అమ్మాలో మేం ఎంచుకోం, కొనేవాడే మమ్మల్ని ఎంచుకుంటాడు. దీంట్లో స్ట్రాటజీ ఎక్కడుంది చెప్పండి. చపాట మిర్చికి 2025లో జీఐ (ఆ ప్రాంతానికే చెందిన సరుకు అనే గుర్తింపు) వచ్చింది, ఇక రేటు లేస్తది అన్నారు అంతా. జీఐ పేరు కాపాడుతది, కొనేవాడిని తెచ్చి నిలబెట్టదు. చపాటకి కారం తక్కువ, రంగు ఎక్కువ, రంగు తీసే ఫ్యాక్టరీలు ఎక్కువ ఉన్నది కేరళ వైపు, అసలు లాభం అక్కడ మిగులుతది.

మా దగ్గర ఉద్యోగానికి వచ్చే ఎంబీఏ వాళ్లకి ఫ్రేమ్‌వర్కులు వస్తయి, ఎల్‌సీ (కొనేవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ కాగితం) చదవడం రాదు. ఎల్‌సీలో సరుకు పేరు ఒకలా, ఇన్వాయిస్‌లో ఇంకోలా ఉంటే బ్యాంకు డబ్బు ఆపుతది, అంతే. ఎఫ్‌ఓబీకి (ఓడ ఎక్కించే దాకానే అమ్మేవాడి ఖర్చు), సీఐఎఫ్‌కి (అవతలి పోర్టు దాకా రవాణా, ఇన్సూరెన్స్ కలిపి) తేడా, ఇన్సూరెన్స్ ఎవరు కట్టాలి, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ ఎందుకు, ఇవన్నీ ఇరవై లక్షలు పెట్టి నేర్చుకునేవి కావు.

గ్రానైట్_కరీంనగర్:

యార్డు అన్నా, మీరు చెప్పిందే స్ట్రాటజీ ప్రశ్న. మా దగ్గర టాన్ బ్రౌన్ గ్రానైట్ బ్లాకులు బ్లాకులుగానే రైలెక్కి కాకినాడ పోర్టుకి, అక్కడి నుంచి చైనాకి. వాళ్లు కోసి, పాలిష్ పెట్టి ఇతర దేశాలకు అమ్ముతారు. బ్లాకు పోయేది హెచ్ఎస్ కోడ్ (ఎగుమతి, దిగుమతుల్లో ఒక్కో సరుకుకి ఇచ్చే నంబరు) 2516 కింద, పాలిష్ అయ్యాక అదే రాయి 6802. ఈ రెండు కోడ్‌ల మధ్య మిగిలే డబ్బు ఎవరికి పోతుంది, మనం ఎందుకు 6802లోకి పూర్తిగా పోలేకపోతున్నాం? కరెంటు ఖర్చా, మిషనరీనా, చైనాలో పూర్తయిన రాయి మీద సుంకం ఎక్కువా, లేక బ్లాకు అమ్మితే వారంలో డబ్బు చేతికొస్తుందనా? నేను క్వారీ సూపర్‌వైజర్‌ని, నాకు చివరిదే నిజం అనిపిస్తుంది, కానీ ఎవరన్నా కూర్చుని లెక్క తీస్తే చదవాలని ఉంది. పరకాల చెల్లె డిసర్టేషన్ రాసేటప్పుడు మిర్చి మీద రాసినా సరే, రాయి మీద రాసినా సరే, ఏదో తెలియని బ్రిటిష్ సూపర్ మార్కెట్ మీద మాత్రం రాయకు.

క్యాట్_రాస్తున్నా:

ఐఐఎఫ్‌టీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. 1963లో పెట్టిన సంస్థ, కేంద్ర వాణిజ్య శాఖ కింద. ఢిల్లీ, కోల్‌కతా తర్వాత 2022లో కాకినాడ వచ్చింది. ఎంబీఏ ఇంటర్నేషనల్ బిజినెస్‌కి ఇంతకుముందు సొంత పరీక్ష ఉండేది, ఇప్పుడు క్యాట్ స్కోరే. కాకినాడలో ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల కోర్సు కూడా ఉంది, అది నీకు వర్తించదు. క్యాట్ నవంబర్ చివర్లో ఉంటుంది, ఆగస్టులో రిజిస్ట్రేషన్ మొదలవుతుంది. కామర్స్ వాళ్లకు క్వాంట్ (లెక్కలు) భయం ఉంటుంది గానీ వెర్బల్ (ఇంగ్లిష్), డీఐలో (పట్టికలు, గ్రాఫులు చదివే ప్రశ్నల్లో) లాక్కోవచ్చు. ఈ ఏడాది రాకపోతే ఒక సంవత్సరం పోతుంది అనే టెన్షన్ నిజమే, దాన్ని నేను తక్కువ చెయ్యను.

లోన్ గురించి ఒక మాట. సాగు భూమి వద్దని బ్యాంకు ఊరికే అనలేదు, అప్పు తీర్చకపోతే తాకట్టును అమ్ముకోవడానికి బ్యాంకులు వాడే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. తాకట్టు లేని ప్రైవేటు ఫైనాన్స్‌కి వడ్డీ సాధారణంగా ఎక్కువ, పైగా కోర్సు నడుస్తుండగానే కొంత కట్టమంటారు, ఆ షరతు చదువు. యూకే పోవాలనే ఉంటే మన తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి చూడు: ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ పేరుతో, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరుతో వేర్వేరు పథకాలు, 20 లక్షల దాకా ఇస్తారు, కుటుంబ ఆదాయానికి పరిమితి ఉంది. డిగ్రీ మార్కులు, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు చూస్తారు. కానీ డబ్బు ముందే చేతికి రాదు, అక్కడికి చేరాక కాగితాలు చూపిస్తే విడతలుగా వస్తుంది. కాబట్టి మొదటి ఫీజుకి ఎలాగూ వేరే ఏర్పాటు కావాలి.

పరకాల_పిల్ల:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మాస్టారు గారూ, పత్తి కాదు పాలిస్టర్ అన్నది చదివాక మా క్లాస్‌మేట్స్‌కి అదే ప్రశ్న వేశాను, అందరూ పత్తి అనే చెప్పారు 😀. సబ్జెక్టు మీద ఇష్టం పెరిగింది, యూకే మీద తగ్గింది, ఏం చెయ్యాలో మళ్లీ మొదటికొచ్చింది.

యార్డు అన్నా, బాపుకి మీ పోస్టు చదివి వినిపించా. "మోచేతి దాకా చెయ్యి పెడతాడు" అన్నచోట నవ్వాడు, రేటు కోసేది తేమకే అన్నచోట మాత్రం ఒప్పుకోలేదు.

ఇప్పటికి అనుకుంటున్నది: ఐసెట్, క్యాట్ రెండూ రాస్తాను. ఆఫర్ మాత్రం వదులుకోవాలని లేదు. డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుందని కన్సల్టెన్సీ అంటోంది, కట్టాక వెళ్లకపోతే డబ్బు తిరిగొస్తుందా?

కాజీపేట_జంక్షన్:

వెనక్కి ఇవ్వడం యూనివర్సిటీని బట్టి ఉంటుంది. చాలావరకు వీసా రిజెక్ట్ అయితే ఇస్తారు, అది కూడా కొంత పట్టుకుని. మనసు మార్చుకున్నా అంటే చాలాచోట్ల ఇవ్వరు. వాళ్ల వెబ్‌సైట్‌లో రీఫండ్ పాలసీ అని వేరే పేజీ ఉంటుంది, ఆఫర్ లెటర్ పక్కన పెట్టుకుని చదువు. డిపాజిట్ కట్టకముందే అడ్మిషన్స్ ఆఫీసుకి నువ్వే ఈమెయిల్ పెట్టి రెండు విషయాలు అడుగు: ఆఫర్‌ని వచ్చే ఏడాదికి డిఫర్ చేస్తారా, ఈ కోర్సుకి జనవరి ఇన్‌టేక్ ఉందా. కన్సల్టెన్సీ ద్వారా అడిగించకు, నువ్వు చేరితేనే వాళ్లకి యూనివర్సిటీ నుంచి కమీషన్ వస్తుంది. అప్లికేషన్‌లో వాళ్ల ఈమెయిల్ ఇచ్చి ఉంటే ముందు అది మార్పించు, లేకపోతే జవాబు నీకు రాదు.

యార్డు_మనిషి:

బాపుని అడిగానని చెప్పు. తేమ మీటర్ మా దగ్గర ఉంది, ఈసారి అమ్మేముందు ఓ నాలుగు కాయలు తెమ్మను, ఆయన ముందే పెట్టి చూపిస్తా, అప్పుడు ఒప్పుకుంటాడో లేదో చూద్దాం.